64 కోర్లు, 4 ర్యామ్ స్టిక్‌లు: కోనసీమ వరద మోడల్‌పై ఒక కేస్ స్టడీ

కిందటేడు వేసవిలో మా కాలేజీకి కొత్త సర్వర్ వచ్చింది. మూడేళ్లు ఫైలు పట్టుకుని తిరిగితే గానీ డబ్బు మంజూరు కాలేదు. అది వచ్చిన వారానికే సివిల్ విభాగంలో వరద మోడల్ నడిపే మేడమ్ ఫోన్ చేశారు. "పాత మెషీన్ మీద 41 నిమిషాల్లో అయ్యే రన్‌కి దీని మీద 68 నిమిషాలు పట్టిందండి. నేనే ఎక్కడో తప్పు చేశానేమో, ఒకసారి వచ్చి చూస్తారా?"

ఆవిడ తప్పేమీ లేదు. కానీ కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) రెట్టింపయ్యాక పని ఎందుకు నెమ్మదించిందో తేల్చడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఏం కొలిచానో, ఏ కొలత దారి చూపించిందో, ఏది దారి తప్పించిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మన దగ్గర సర్వర్ కొనేటప్పుడు అందరూ కోర్లు ఎన్ని, ర్యామ్ ఎంత అని ఆ రెండే అడుగుతారు. మేమూ అవే అడిగాం.

ముందు పని ఏమిటో చెప్పాలి. ధవళేశ్వరం బ్యారేజీ దిగువ నుంచి సముద్రం దాకా గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలనూ, వాటి మధ్య లంకలనూ, ఏటిగట్లనూ 18 లక్షల గడులుగా విడగొట్టిన మోడల్ ఇది. ప్రతి గడిలో నీటి లోతు ఎంత, నీరు ఎటు ఎంత వేగంతో పోతోంది అన్న అంకెలు ఉంటాయి. కాలం ఒక్కో అడుగు జరిగినప్పుడల్లా ప్రతి గడీ పక్క గడుల అంకెలు చూసి తన అంకె మార్చుకుంటుంది. ఇలాంటి అడుగులు లక్షల్లో ఉంటాయి.

మేడమ్‌కు ఒక్క రన్ సరిపోదు. 2022 జులైలో ధవళేశ్వరం దాటిన 25.8 లక్షల క్యూసెక్కులు, 1986 ఆగస్టు నాటి 35 లక్షల క్యూసెక్కులు, వాటి మధ్యలో ఇంకొకటి, మొత్తం మూడు ప్రవాహాలు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడూ పాటు మీద ఉన్నప్పుడూ రెండు మట్టాలు. గట్టుకు గండి పడితే పడే చోట్లు నాలుగు. అన్నీ కలిపితే 24 రన్‌లు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిన సాయంత్రం మొదలుపెడితే తెల్లారేసరికి 24 పటాలూ చేతికి రావాలన్నది ఆవిడ పట్టుదల. పాత మెషీన్ మీద అవి 16 గంటల పైన పడుతున్నాయి. ఆ ఇబ్బంది తీరాలనే కొత్తది కొన్నాం. దాని మీద 27 గంటలు పట్టేలా ఉంది. లంకల్లో మనుషులుంటారు కాబట్టి ఆ తేడా నాకు నిద్ర పట్టనివ్వలేదు.

కాగితం మీద లెక్క

పాత మెషీన్‌లో రెండు ప్రాసెసర్లు, ఒక్కోదానికి 16 కోర్లు, 2.9 గిగాహెర్ట్జ్. కొత్తదాంట్లోనూ రెండే ప్రాసెసర్లు, ఒక్కోదానికి 32 కోర్లు, 2.5 గిగాహెర్ట్జ్. గరిష్ఠ వేగం లెక్కకట్టడం తేలిక. కోర్ల సంఖ్యను గడియారం వేగంతో గుణించి, ఆ వచ్చినదాన్ని కోర్ ఒక్కో టిక్కుకు చేయగల దశాంశ లెక్కలతో గుణించాలి. కొత్తదానికి 64 × 2.5 × 16, అంటే 2,560 గిగాఫ్లాప్స్ (ఒక గిగాఫ్లాప్స్ అంటే సెకనుకు వంద కోట్ల దశాంశ లెక్కలు). పాతదాని కోర్ టిక్కుకు 32 లెక్కలు చేయగలదు కాబట్టి 32 × 2.9 × 32, అంటే దాదాపు 2,970. ఈ లెక్కన పాతదే గొప్పది! అయితే ఆ 32 లెక్కల సూచనలు నడిచేటప్పుడు పాత ప్రాసెసర్ వేడి తగ్గించుకోవడానికి గడియారాన్ని బాగా తగ్గించేస్తుంది. అందుకే గరిష్ఠ వేగం అనే అంకెను నేను దేనికీ ఆధారంగా తీసుకోను. అంతకు మించి పోలేదని మాత్రమే అది చెబుతుంది.

సరఫరాదారు ఇచ్చిన పరీక్ష రిపోర్టులో లిన్‌ప్యాక్ (పెద్ద సమీకరణాల గుంపును సాధింపజేసి వేగం కొలిచే పరీక్ష) అంకె ఉంది: 2,080 గిగాఫ్లాప్స్. పాతదాని మీద నేనే నడిపి చూస్తే 1,690 వచ్చింది. అంటే కొత్తది 1.23 రెట్లు వేగం. లిన్‌ప్యాక్ చిన్న పరీక్షేమీ కాదు. 1993 నుంచి టాప్500 జాబితాలో సూపర్ కంప్యూటర్లకు ర్యాంకులిచ్చేది దీనితోనే. రిపోర్టులో అబద్ధం లేదు. ఆ పరీక్ష అడిగే ప్రశ్న వేరు, మా మోడల్ అడిగే ప్రశ్న వేరు. ఈ సంగతి నాకు అప్పటికి ఇంకా అర్థం కాలేదు.

మొదటి రెండు రోజులు వృథాగా పోయాయి. కంపైలర్ మార్చాను, బయోస్‌లో కరెంటు పొదుపు సెట్టింగ్ తీసేశాను. నిమిషం కూడా తగ్గలేదు. కోర్లు ఎంత పనిలో ఉన్నాయో చూపే టాప్ కమాండ్ పెడితే 6400 శాతం చూపిస్తోంది, అంటే 64 కోర్లూ నూటికి నూరు శాతం పనిలో ఉన్నట్టే. ఆ అంకె చూసి నేను బోల్తా పడ్డాను. కోర్ డేటా కోసం ఎదురు చూస్తూ ఊరికే నిలబడ్డా ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని పనిచేస్తున్నట్టే లెక్కేస్తుంది. ఈ ఒక్క విషయం ముందే గుర్తుకొచ్చి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

థ్రెడ్లు పెంచుతూ పోతే

మూడో రోజు మొదటి నుంచి మొదలుపెట్టాను. కొత్త మెషీన్ మీద అదే రన్‌ను ఒక థ్రెడ్‌తో, అంటే పనిని విడగొట్టకుండా ఒకే కోర్ మీద, నడిపితే 330 నిమిషాలు. రెండింటితో 172, నాలుగింటితో 98. ఇంతవరకూ బాగానే ఉంది. ఎనిమిదితో 76. పదహారుతో 70. ముప్పై రెండుతో 67. అరవై నాలుగుతో 68. ఒక్కో కోర్ మీద రెండేసి థ్రెడ్ల లెక్కన 128 పెడితే 71. ఈ అంకెలను గ్రాఫ్ కాగితం మీద చేత్తోనే గీశాను. నాలుగు దాటాక గీత వంగిపోయింది, ఎనిమిది దాటాక నేల మీద పడుకుంది. 64 కోర్ల మెషీన్‌లో 56 కోర్లు ఉన్నా లేకపోయినా ఒకటే అన్నమాట.

ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట గుర్తొచ్చేది 1967లో కంప్యూటర్ ఇంజనీర్ జీన్ ఆమ్‌డాల్ చెప్పిన మాట. పనిలో విడగొట్టలేని భాగం ఎంతో కొంత ఉంటుంది, ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా ఆ భాగం తరగదు. మా మోడల్‌లో ఆ భాగం ఫలితాలను ఫైల్‌లో రాయడం. గడియారం పెట్టి చూస్తే 6 నిమిషాలు. 330లో 6 తీసేస్తే 324, దాన్ని 64తో భాగిస్తే 5. ఆమ్‌డాల్ లెక్క ప్రకారం మొత్తం 11 నిమిషాల్లో అయిపోవాలి. మాకు 68 పట్టింది. మిగిలిన 57 నిమిషాలకు ఆమ్‌డాల్ సూత్రం దగ్గర సమాధానం లేదు. నేను ఈ సూత్రాన్ని ఎప్పుడూ ఇలాగే వాడతాను: ఎంత రావాలో దాన్ని అడుగుతాను, వచ్చినదానికీ దానికీ ఉన్న తేడాలో దొంగను వెతుకుతాను.

నాలుగో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ సర్వర్‌కు కరెంటు ఇచ్చింది గానీ ఏసీకి ఇవ్వలేదు. మే నెల, తీరం పక్క ఉక్కపోత. ల్యాబ్ అసిస్టెంట్ పరుగెత్తుకొచ్చి, "సార్, గది 34 డిగ్రీలు దాటిపోయిందండి, ఆపేయమంటారా?" అన్నాడు. అప్పుడు లిన్‌ప్యాక్ నడుస్తోంది, పూర్తి కానిమ్మన్నాను. ప్రాసెసర్ వేడెక్కి గడియారం తగ్గించుకోవడంతో 2,080 రావలసిన చోట 1,640 వచ్చింది. ఏసీ ఇంకా రాలేదు. ఏమనుకున్నానో ఏమో, ఆ వేడిలోనే వరద మోడల్ కూడా పెట్టాను. 69 నిమిషాలు. చల్లటి గదిలో 68, వేడి గదిలో 69.

తొమ్మిది రోజుల్లో నాకు దొరికిన మొదటి గట్టి ఆధారం అదే. కోర్ల వేగం అయిదో వంతు పడిపోయినా మోడల్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. అంటే మోడల్‌ను ఆపుతున్నది కోర్లు కాదు. ఇప్పుడు కరెంటు పోయే దాకా ఆగకుండా, గడియారాన్ని నేనే కావాలని తగ్గించి ఈ పరీక్ష చేస్తున్నాను. గడియారం తగ్గించడం అయిదు నిమిషాల పని.

కాలువలో నీరెంత?

కోర్లు కాకపోతే మెమరీ. ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు సెకనుకు ఎన్ని గిగాబైట్లు పారుతున్నాయో కొలవడానికి జాన్ మెకాల్పిన్ రాసిన స్ట్రీమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. అందులో ట్రయాడ్ అనే భాగం చేసేది ఇంతే: ఒక వరసలోని సంఖ్యను ఒక స్థిరాంకంతో గుణించి, రెండో వరసలోని సంఖ్యకు కలిపి, మూడో వరసలో రాస్తుంది. రెండు లెక్కలకు 24 బైట్లు కదలాలి.

ఇక్కడ కూడా మొదటిసారి తప్పు చేశాను. ప్రోగ్రామ్‌లో ముందే ఉన్న పరిమాణం, అంటే వరసకు కోటి సంఖ్యలు, మార్చకుండా నడిపాను. మూడు వరసలూ కలిపి 240 మెగాబైట్లు. కొత్త మెషీన్ క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) రెండు ప్రాసెసర్లకూ కలిపి 256 మెగాబైట్లు. మొత్తం క్యాష్‌లోనే కూర్చుంది, ర్యామ్ దాకా పోనే లేదు. ర్యామ్ కాగితం మీద ఇవ్వగలిగినదానికి మించిన అంకె వచ్చింది కాబట్టి పట్టుకోగలిగాను. ఒక్కో వరస మొత్తం క్యాష్‌కు కనీసం నాలుగు రెట్లుండాలన్నది ఆ పరీక్ష నియమం. వరసకు 20 కోట్ల సంఖ్యలు పెట్టి మళ్లీ నడిపాను.

పాత మెషీన్: సెకనుకు 195 గిగాబైట్లు. కొత్త మెషీన్: 84.

ఆ 84 చూసి కాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఈ ప్రాసెసర్‌కు ఎనిమిది మెమరీ చానెళ్లు (ర్యామ్ నుంచి డేటా వచ్చే దారులు), రెండు ప్రాసెసర్లకు పదహారు. ఒక్కో చానెల్ డీడీఆర్4-3200 ర్యామ్‌తో సెకనుకు 25.6 గిగాబైట్లు ఇవ్వాలి. పదహారు చానెళ్లకు 409.6. నాలుగు చానెళ్లకైతే 102.4. 84 వచ్చిందంటే నాలుగే పనిచేస్తున్నాయి.

సర్వర్ ఆపి, ర్యాక్ నుంచి బయటికి లాగి మూత తీశాం. ఒక్కో ప్రాసెసర్‌కు అటూ ఇటూ ఎనిమిదేసి స్లాట్లు, చానెల్‌కు రెండు చొప్పున మొత్తం 32. వాటిలో ర్యామ్ స్టిక్‌లు ఉన్నవి నాలుగే, ఒక్కోటీ 64 గిగాబైట్లు. స్టిక్ లేని చానెల్‌లో డేటా పారదు. మిగతా 28 స్లాట్లు ఖాళీ, కొన్నిటి మీద నల్ల ప్లాస్టిక్ మూతలు కూడా తీయలేదు. మేడమ్ కూడా పక్కనే నిలబడి చూశారు. ఆవిడది ముంగండ వైపు ఊరు, ఇంట్లో వ్యవసాయం. "దాళ్వాలో వంతు నీళ్లిచ్చినట్టుందండి ఇది. ఆయకట్టు రెట్టింపు చేసి తూములు మూసేశారు" అన్నారు. ఆ మాట కంటే బాగా నేను చెప్పలేను. 64 చేలు ఎండిపోయి వంతు కోసం ఎదురు చూస్తున్నాయి, తూములు నాలుగే తెరిచి ఉన్నాయి.

సరఫరాదారును తప్పు పట్టడానికి లేదు. మా టెండర్‌లో 256 జీబీ ర్యామ్ అని రాశాం, నాలుగు 64లు కలిపితే 256 అవుతుంది. ఎన్ని స్టిక్‌లుగా ఇవ్వాలో మేమే రాయలేదు.

లిన్‌ప్యాక్ దీన్ని ఎందుకు పట్టుకోలేదు? ఎన్ వరసల సమీకరణాల గుంపును సాధించడానికి ఎన్ ఘనంలో మూడింట రెండు వంతుల లెక్కలు చేయాలి, కానీ డేటా ఎన్ వర్గం మాత్రమే. ఒకసారి క్యాష్‌లోకి తెచ్చిన అంకెను వందలసార్లు వాడుకోవచ్చు, ర్యామ్ వైపు పదే పదే చూడక్కర్లేదు. వరద మోడల్ అలా కాదు. గడి అంకె తెచ్చుకుంటుంది, కొద్దిపాటి లెక్క చేస్తుంది, రాసేసి పక్కకు పోతుంది. కొత్త మెషీన్ 2,080 గిగాఫ్లాప్స్ వేగంతో నడవాలంటే ర్యామ్ నుంచి వచ్చే ప్రతి బైట్ మీద 25 లెక్కలు చేసే పని కావాలి. ట్రయాడ్ చేసేది 24 బైట్లకు రెండే. 84 గిగాబైట్ల మీద ఆ రెండు లెక్కలంటే సెకనుకు 7 గిగాఫ్లాప్స్. 2,560 చేయగల యంత్రం 7 చేస్తోంది! టాప్500 వాళ్లు కూడా ఇప్పుడు లిన్‌ప్యాక్ పక్కన హెచ్‌పీసీజీ అనే మరో పరీక్ష ఫలితాలు ఇస్తున్నారు. దాని స్వభావం మా మోడల్‌కు దగ్గర. పెద్ద పెద్ద సూపర్ కంప్యూటర్లు కూడా అందులో తమ గరిష్ఠంలో కొద్ది శాతమే అందుకుంటాయి.

నాలుగు 64లు తీసుకుని పదహారు 16లు ఇవ్వడానికి సరఫరాదారు ఒప్పుకున్నారు, కొంత తేడా డబ్బు కట్టాం. మొత్తం ర్యామ్ అదే 256. స్ట్రీమ్ 84 నుంచి 330కి పోయింది. వరద మోడల్ 68 నుంచి 30 నిమిషాలకు వచ్చింది.

పాత మెషీన్‌కీ ఉన్న జబ్బు

స్ట్రీమ్ దాదాపు నాలుగు రెట్లు పెరిగితే మోడల్ రెండు రెట్ల పైచిలుకే పెరిగింది. ఇక్కడితో ఆపేసినా ఎవరూ ఏమీ అనరు. కానీ తేడా తేడాగానే ఉంది.

రెండు ప్రాసెసర్ల మెషీన్‌లో ర్యామ్ కూడా రెండు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క ఒక్కో ప్రాసెసర్ పక్కన. తన పక్కదాన్ని చదవడం వేగం, అవతలిదాన్ని చదవడం నెమ్మది. దీన్నే న్యూమా అంటారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మెమరీలోని ఒక చిన్న భాగం (పేజీ) ఏ ముక్కలో కూర్చుంటుందో తేలేది దాన్ని ముందుగా ఏ కోర్ ముట్టుకుంది అన్నదాన్ని బట్టి. మోడల్ కోడ్ తెరిచి చూస్తే, 18 లక్షల గడుల అంకెలన్నిటినీ మొదట్లో ఒకే థ్రెడ్ సున్నాలతో నింపుతోంది. దాంతో డేటా అంతా మొదటి ప్రాసెసర్ పక్కనే పడింది. రెండో ప్రాసెసర్‌లోని 32 కోర్లూ ప్రతి అంకె కోసం అవతలి ఒడ్డుకు పోయి రావాలి, దాని సొంత ఎనిమిది చానెళ్లు ఖాళీగా ఉంటాయి.

నింపే లూప్‌ను కూడా థ్రెడ్లకు పంచాం, ఏ థ్రెడ్ ఏ కోర్ మీద ఉండాలో కట్టేశాం. మార్చింది 11 లైన్లు. కొత్త మెషీన్ మీద 30 నిమిషాలు 20 అయ్యాయి. అదే కోడ్ పాత మెషీన్ మీద 41 నుంచి 27కి వచ్చింది. ఇన్నేళ్లూ పాతదాన్ని కూడా సగం మూసిన తూములతోనే నడిపాం. రెండు మెషీన్లను పోల్చడానికి దిగకపోతే ఇది బయటపడేదే కాదు.

ఫైల్ రాసే 6 నిమిషాలు చివరన పట్టించుకున్నాం. అంకెల్ని అక్షరాలుగా మార్చి రాయడం మానేసి నేరుగా బైనరీగా రాస్తే నిమిషంలో అయిపోతోంది. మొత్తం 330 నిమిషాలున్నప్పుడు ఆ 6 కంటికి ఆనలేదు, 20 అయ్యాక మూడో వంతు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు కొత్తది 15, పాతది 22.

ఏది ఎంత వేగం అని ఎవరైనా అడిగితే

ప్రిన్సిపాల్ గారు రిపోర్టు అడిగారు. "ఒక్క ముక్కలో చెప్పండి, కొత్తది ఎన్ని రెట్లు?" అన్నారు. లిన్‌ప్యాక్ ప్రకారం 1.23. స్ట్రీమ్ ప్రకారం 1.69. మా మోడల్ ప్రకారం 1.47. మూడూ నిజమే. ఒకే అంకె కావాలని మూడింటి సగటు తీసి రాయడం నాకు ఇష్టం లేదు. నిష్పత్తుల మామూలు సగటు ఎంత మోసం చేస్తుందో చూడండి: ఒక ప్రోగ్రామ్‌కు ఒక మెషీన్ మీద 10 నిమిషాలు, రెండోదాని మీద 20. ఇంకో ప్రోగ్రామ్‌కు మొదటిదాని మీద 20, రెండోదాని మీద 10. రెండూ సమానం. కానీ నిష్పత్తుల సగటు తీస్తే దేన్ని ఆధారంగా తీసుకుంటే దానికంటే మిగతాది 1.25 రెట్లు గొప్పదని వస్తుంది! అందుకే కంప్యూటర్ల వేగ పరీక్షలు రూపొందించే స్పెక్ వంటి సంస్థలు గుణోత్తర సగటు (నిష్పత్తులను కూడకుండా గుణించి మూలం తీసేది) వాడతాయి. నేనైతే రిపోర్టులో మేడమ్ 24 రన్‌ల మొత్తం సమయమే రాశాను, ఎందుకంటే కొన్నది ఆ పనికే.

ఆ మొత్తం సమయంలో ఇంకో చిన్న లాభం దొరికింది. 64 థ్రెడ్లతో ఒక్కో రన్ 15 నిమిషాలంటే 24 రన్‌లకు 6 గంటలు. అలా కాకుండా ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో రన్ కట్టేసి రెండు రన్‌లు ఒకేసారి నడిపితే, ఒక్కోటీ 25 నిమిషాలు పడుతుంది గానీ జంటకు 25 నిమిషాలే. మొత్తం 5 గంటలు. ఒక్క పని ఎంత త్వరగా అవుతుంది, గంటకు ఎన్ని పనులు అవుతాయి అన్నవి వేరు వేరు ప్రశ్నలు. స్పెక్ పరీక్షల్లో స్పీడ్, రేట్ అని రెండు విడిగా ఉన్నది ఇందుకే. గండి పడిందని ఫోన్ వచ్చి ఒక్క పటం వెంటనే కావాలంటే మొదటి పద్ధతి, రాత్రికి రాత్రి 24 కావాలంటే రెండోది. మేడమ్ దగ్గర ఇప్పుడు రెండు స్క్రిప్టులూ ఉన్నాయి.

కొలిచిన ప్రతిదీ అయిదుసార్లు నడిపి, మధ్య విలువ తీసుకుని, గది ఉష్ణోగ్రత, గడియారం వేగం, పక్కన ఇంకెవరి పనైనా నడుస్తోందా అన్నది కూడా ఒక పుస్తకంలో రాశాం. ఉదయం ఆరింటికి వచ్చిన అంకెనూ మధ్యాహ్నం మూడింటికి వచ్చిన అంకెనూ పక్కపక్కన పెట్టి చూడకుండా మన ప్రాంతంలో వేసవిలో ఏ మెషీన్ గురించీ ఏమీ చెప్పకూడదు.

తర్వాతి టెండర్‌కు నేను రాసిచ్చిన షరతులు మూడు. ప్రాసెసర్‌కు ఉన్న మెమరీ చానెళ్లన్నిటిలోనూ ఒకే రకం స్టిక్ ఉండాలి. స్ట్రీమ్ ట్రయాడ్ ఫలితం, వరస పరిమాణంతో సహా, మా ఎదుట చూపించాలి. మేమిచ్చే ప్రోగ్రామ్‌ను మేమిచ్చే డేటా మీద 1, 2, 4 నుంచి మొత్తం కోర్ల దాకా నడిపి సమయాలు ఇవ్వాలి. మూడో షరతు చూసి ఒక సరఫరాదారు వెనక్కి తగ్గారు, మరొకరు రెండు రోజుల్లో చేసి పంపారు.

ఇంకా పని మిగిలే ఉంది. 64 థ్రెడ్లకు 10 నిమిషాల లోపు రావాలని నా లెక్క, 15 దగ్గర ఆగింది. గడులకు సర్వే చేసిన క్రమంలో నంబర్లు ఇచ్చారు కాబట్టి పటంలో పక్కపక్కనున్న గడులు మెమరీలో ఎక్కడెక్కడో ఉన్నాయి. ప్రాసెసర్ ఒకసారికి 64 బైట్లు తెచ్చుకుంటే అందులో కొన్నే పనికొస్తున్నాయి. గోదావరి పాయల వెంట, పై నుంచి కిందికి, పక్క గడికి పక్క నంబరు వచ్చేలా మళ్లీ నంబర్లు వేస్తున్నాం. వైనతేయ పాయ వరకూ అయింది.